సముద్రం లేని ఊళ్ళో వలల మంచం

భీమిలి ఒడ్డున పుట్టి పెరిగినవాళ్ళకు ప్రయాణమంటే తీరం వెంట అటో ఇటో పోవడమే. విశాఖ, కాకినాడ, మహా అయితే గోపాల్‌పూర్. నీళ్ళు కనబడని చోటికి పనిగట్టుకొని వెళ్ళి, అక్కడ వారానికి పైగా ఉండిపోవడం నాకు ఈ ఎండాకాలంలోనే మొదటిసారి. తిరిగొచ్చాక మా వీధిలో అందరూ అడుగుతున్నారు, హైదరాబాదులో ఏం చూశావని. చార్మినార్ చూడలేదు, ట్యాంక్‌బండ్ చూడలేదు. నేను చూసింది ఊరికి ఉత్తరపు కొసన ఉన్న యాప్రాల్, మేడ్చల్, షామీర్‌పేట. అక్కడికి ఎందుకెళ్ళానో ముందు చెప్పాలి.

సముద్రం మా ఒడ్డున పడేసే చిరిగిన వలలు, తెగిన తాళ్ళు, వలకు కట్టే ప్లాస్టిక్ బంతులు ఏరించి, వాటితో ఇంటి సామాను చేయించడం నా వృత్తి. ఎవరికి ఏం కావాలో అడిగి, వాళ్ళ ఇంటి కొలతలకు సరిపడా బొమ్మ గీస్తాను. ఇప్పటిదాకా చేసినవన్నీ టీ బల్లలు, పుస్తకాల అరలు, ముక్కాలిపీటలు. వలలను కరిగించి పలకలుగా అచ్చుపోసే యంత్రం మాత్రం మా దగ్గర లేదు. అది మేడ్చల్‌లో యాదగిరిగారి షెడ్డులో ఉంది. బస్తాలు లారీలో వెళతాయి, బొమ్మలు ఫోనులో వెళతాయి, తయారైన సామాను అట్నుంచి అటే కొన్నవాళ్ళ ఇంటికి చేరుతుంది. కొన్నేళ్ళుగా యాదగిరిగారంటే నాకు ఫోనులో ఒక గొంతు, అంతే.

వేసవి మొదట్లో యాప్రాల్ నుంచి స్వర్ణ అనే అమ్మాయి ఫోను చేసింది. బొల్లారంలో, వేసవి సెలవులు ఇవ్వని చిన్నపిల్లల బడిలో టీచరట. వాళ్ళమ్మ రూతమ్మకు మోకాళ్ళు అరిగిపోయాయి, నేలమీద పడుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. కానీ ఆవిడ మంచం ఎక్కదు. స్వర్ణ నాన్న యోహాను ఓడల్లో వంటమనిషి. చివరిసారి ఓడెక్కడానికి వెళుతూ, తిరిగొచ్చాక మంచం చేయిస్తానన్నాడు. ఓడ తిరిగొచ్చింది. గాలివాన రోజున డెక్కు మీదికి వెళ్ళినవాడు మళ్ళీ కనబడలేదని ఓడవాళ్ళు చెప్పారు. స్వర్ణకు అప్పటికి నడక కూడా రాలేదు. అప్పటి నుంచీ రూతమ్మ చాప మీదే పడుకుంటోంది. కూతురు రెండుసార్లు మంచం కొని తెచ్చింది, రెండుసార్లూ ఆవిడ పక్కింటివాళ్ళకు ఇచ్చేసింది. ఒకరోజు కూతురి ఫోనులో నేను చేసిన బల్ల బొమ్మ చూసి, అది దేంతో చేశారని అడిగిందట. సముద్రంలో దొరికిన వలలతో అని స్వర్ణ చెప్పింది. కొన్నాళ్ళ తర్వాత తనంతట తానే, దాంతో మంచం చేస్తారేమో అడగమంది.

"మా అమ్మను ఒకసారి చూసి చెయ్యండి అక్కా" అంది స్వర్ణ. "ఫోన్ల చెప్తే అర్థమయ్యేది గాదు."

మంచం నేనెన్నడూ చేయలేదు. అయినా వస్తానన్నాను.

అల్వాల్ దాటిపోయి

సికింద్రాబాదులో పెద్ద రైలు దిగి, మేడ్చల్ వైపు వెళ్ళే లోకల్ రైలు ఎక్కాను. అల్వాల్‌లో దిగమని స్వర్ణ చెప్పింది. తెల్లారి గాలి చల్లగా ఉంది. పెట్టె సగం ఖాళీ. ఎదురుగా నేరేడుపళ్ళ గంపతో ఒకావిడ కూర్చుని, ఎక్కడ దిగుతానో అడిగి తెలుసుకొంది. కిటికీలో కంటోన్మెంటు చెట్లు ఒకదాని వెంట ఒకటి తేలిపోతున్నాయి. మా ఊళ్ళో చెట్లన్నీ సముద్రపు గాలికి ఒక పక్కకు వంగి ఉంటాయి. ఇక్కడివి నిటారుగా, ఎవరితోనూ పేచీ లేనట్టు నిలబడి ఉన్నాయి. వాటిని చూస్తూ ఎప్పుడు కన్ను మూతపడిందో తెలియదు.

గంప ఆవిడ తట్టి లేపింది. "బొల్లారం ఇది. నువ్వు దిగేది ఎనకనే పోయింది బిడ్డా" అని, పరేషాన్ కావద్దని, ఆటోలు మస్తుగా ఉంటాయని చెప్పి, దోసెడు నేరేడుపళ్ళు నా చేతిలో పోసింది. డబ్బు తీయబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

స్టేషను బయట చాయ్ తాగాను. ఇక్కడ టీ అనరు, చాయ్. దానితో ఉప్పఉప్పగా, తియ్యతియ్యగా ఉండే గుండ్రటి బిస్కెట్టు ఇచ్చారు. రెండూ కలిపి పాతిక రూపాయలు. నేను బిస్కెట్టు కొరికి తింటుంటే పక్కనున్న పెద్దాయన జాలిగా చూసి, తన బిస్కెట్టు చాయ్‌లో ముంచి చూపించాడు. ఇంకో బిస్కెట్టు తీసుకొని ఆయన చూపించినట్టే ముంచాను. సగం విరిగి గ్లాసులో పడిపోయింది. దానికీ ఒక పద్ధతి ఉందట, లెక్కపెట్టకుండా తెలియాలట.

యాప్రాల్: వెడల్పు ఎంత?

సైన్యంలో పనిచేసి రిటైరైనవాళ్ళ కాలనీల వెనక, ఒక సన్నటి సందులో రూతమ్మగారిల్లు. రెండు గదులు, ముందు చిన్న అరుగు, అరుగు మీద గోరింట కుండీలు. ఆవిడ సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఆసుపత్రిలో ఆయాగా పనిచేసి మానేసిందట. నన్ను చూసి వాకిట్లోకి రావడానికి గోడ పట్టుకొంది. అయినా నా చేతిలో సంచి తనే తీసుకొంది.

తిండికి జొన్నరొట్టె పెట్టి, పుంటికూర వేసింది. ఇదేదో కొత్త ఆకుకూర కాబోలు, మాకు దొరకదు అనుకుంటూ నోట్లో పెట్టుకొంటే అది మా గోంగూరే. ఆ మాట చెబితే ఆవిడ మొదటిసారి నవ్వింది. మా అత్తగారింట్లో అయితే ఇందులో ఎండురొయ్యలు వేస్తారని చెప్పాను. ఎండురొయ్యల మాట వినగానే నవ్వు ఆగి, ఆయనకు ఇష్టమని అంది.

భోజనం తర్వాత గది కొలిచాను. చిన్నది. కిటికీ పక్క గోడకు ఆనించి చుట్టిన చాప ఉంది. గీసుకొచ్చిన బొమ్మలు పరిచాను. తలవైపు పలక మీద అలలు, మధ్యలో నీలం, అంచుల్లో తెల్లటి నురగ. నాకు చాలా నచ్చిన బొమ్మ అది. రూతమ్మగారు దాన్ని మర్యాదగా చూసి పక్కన పెట్టింది.

"నీళ్ళ బొమ్మలు వద్దు బిడ్డా. వలలు ఏ రంగుల ఉంటే గా రంగే ఉండనియ్యి."

తాళ్ళతో నులకలా అల్లుదామా అని అడిగాను. కుంగితే మోకాళ్ళు లేవవంది. అదీ నిజమే. ఇక వెడల్పు అడిగాను. గది చిన్నది కాబట్టి ఒక్కరికి సరిపడేది చాలని స్వర్ణ అంది. నేను రూతమ్మగారి వైపు చూశాను. ఆవిడ మంచినీళ్ళు పట్టే వేళయిందని లేచి వెళ్ళిపోయింది. సాయంత్రం మళ్ళీ అడిగితే, చెప్తానంది. చెప్పలేదు.

నన్ను వాళ్ళింట్లోనే ఉండమన్నారు. తెల్లారుజామున నాకు మెలకువ వచ్చేసరికి రూతమ్మగారు నిద్రపోతోంది. చాప పెద్దదే. ఆవిడ దాని అంచున, గోడవైపు ఒత్తిగిలి పడుకొని ఉంది. మిగతా చాపంతా ఖాళీ. కాసేపటికి లేవడం మొదలుపెట్టింది. ముందు పక్కకు దొర్లి, చేతుల మీద లేచి, ఒక మోకాలు మోపి, గోడను పట్టుకొని ఆగి, ఊపిరి తీసుకొని, మళ్ళీ ప్రయత్నించి. నేను వెళ్ళి పట్టుకోబోతే వద్దని తల ఊపింది. అంతకు నెల ముందు ఒకరోజు ఇలాగే లేవలేక, కూతురు బడి నుంచి వచ్చేదాకా నేలమీదే ఉండిపోయిందని స్వర్ణ తర్వాత చెప్పింది. ఆ రోజు నుంచి బడిలో ఉన్నంతసేపూ ఆ అమ్మాయి మనసు ఇంటి దగ్గరే ఉంటోంది.

ఖాళీగా ఉన్న ఆ చాప సగాన్ని చూశాక, నాకు జవాబు దొరికిందనుకొన్నాను. ఇద్దరికి సరిపడే మంచం గీశాను.

మేడ్చల్: బుడగలొచ్చిన పలక

యాదగిరిగారి గొంతు విని సన్నటి మనిషిని ఊహించుకొన్నాను. షెడ్డు తలుపు నిండా ఉన్నాడాయన. "మేడం, మీరు గింత చిన్నగ ఉంటరనుకోలే" అన్నాడు. ఆయనా నన్ను వేరేలా ఊహించుకొన్నాడన్నమాట. జర ఆగుండ్రి, ఇప్పుడే వస్త అని చెప్పి వెళ్ళి, నేను షెడ్డంతా చూసి, పక్కనున్న ఇనుప కొట్టువాళ్ళ పిల్లి పిల్లలతో ఆడుకొని, అలసిపోయాక వచ్చాడు. మా ఊళ్ళోనూ ఇప్పుడే అంటే అంతే కాబట్టి నాకేమీ కొత్తనిపించలేదు.

ఆ షెడ్డులోకి అడుగు పెట్టగానే మా ఊరి వాసన వచ్చింది. చుట్టూ ఇనుము కోసే చప్పుడు, లారీల హారన్లు, ఎండకు కాగే రేకుల కప్పు. మధ్యలో మా ఒడ్డున ఏరిన బస్తాలు. ఒక బస్తా విప్పితే వలల్లోంచి ఎండిన గవ్వ ఒకటి జారి సిమెంటు నేలమీద పడింది. ఇంత దూరం వచ్చి అది ఏం చేస్తుందో అని కాసేపు చేతిలో పట్టుకొని నిలబడ్డాను.

పని మొదలైంది. ముందు వలల్ని, తాళ్ళని వేరు చేయాలి, రెండూ ఒకే వేడికి కరగవు. తర్వాత ముక్కలు కొట్టి, ఇనుప అచ్చులో పరిచి, పైనుంచి వేడిగా నొక్కి, నెమ్మదిగా చల్లారనివ్వాలి. మొదటి పలక బయటికి తీశాక యాదగిరిగారు దాని మీద అరచేత్తో రాసి చూశాడు. నిండా బుడగలు. ఒక మూల పట్టి ఎత్తితే అడ్డంగా చీలింది.

తప్పు మాదే. మా దగ్గర ఎండాకాలంలో మంచినీటికి కటకట. ఈసారి వలల్ని సముద్రపు నీళ్ళలోనే జాడించి, ఆరబెట్టి పంపేశారు. పోగుల సందుల్లో ఇసుక, ఉప్పు, ఉప్పు పట్టి ఉంచిన చెమ్మ. బల్లకైతే ఎలాగో సరిపెట్టొచ్చు. మంచం మనిషిని మోయాలి. అన్నిటినీ మంచినీళ్ళలో కడిగి, ఎండబెట్టి, మళ్ళీ మొదలుపెట్టాల్సిందే. షెడ్డుకు నీళ్ళు ట్యాంకరులో వస్తాయి, కడగడానికి చాలవు. యాదగిరిగారు ఎవరికో ఫోను చేసి ఉర్దూలో చాలాసేపు మాట్లాడాడు. షామీర్‌పేట దగ్గర తన దోస్తు మహబూబ్‌కు పొలముంది, బోరుంది, రేపు పొద్దున అక్కడికి పోదామన్నాడు.

ఆ సాయంత్రం యాప్రాల్‌లో ఈ సంగతి చెబితే రూతమ్మగారు అంతా విని, తనూ వస్తానంది. స్వర్ణ వద్దంది, ఎండ అంది, మోకాళ్ళు అంది. ఆవిడ వాదించలేదు. పొద్దున మేం లేచేసరికి తయారై అరుగు మీద కూర్చుంది. స్వర్ణ కూడా బడికి సెలవు చెప్పి మాతో బయల్దేరింది.

షామీర్‌పేట: బండ మీద వలలు

దారిలో తాటిముంజలు కొన్నాం, డజను నూట ఇరవై. మా దగ్గర సగానికి వస్తాయని నేను గొణిగితే, మరి మీ దగ్గర చేపలెంత అని ఆ అమ్మే ఆవిడ అడిగింది. చెప్పాను. అయితే నన్నక్కడ దించుండ్రి అంది.

మహబూబ్ భాయ్ పొలం చెరువుకు కాస్త దూరంలో ఉంది. టమాట తీసేశాడు, ఒక మడిలో కొత్తిమీర, ఇంకో మడిలో బంతి నారు. ట్రాలీలో వచ్చిన మా బస్తాలు చూడగానే ఆయన ముఖం మారింది. దించవద్దన్నాడు.

"యాదగిరీ, నువ్వు వలలన్నవ్, సముద్రం ఉప్పు అనలే. ఆ నీళ్ళు నా చెల్కల దిగితే ఇగ కొత్తిమీర మొలుస్తదా?"

ఆయన చెప్పినదాంట్లో తప్పు లేదు. అందరం ట్రాలీ నీడలో నిలబడ్డాం. ఆయన భార్య జరీనా స్టీలు చెంబు తెచ్చి, సల్ల తాగమని నా చేతికిచ్చింది. చల్లటి నీళ్ళనుకొని గుక్కెడు మింగితే మజ్జిగ. పొరబోయింది. నా దగ్గు తగ్గేసరికి ఆవిడే దారి చెప్పింది. పొలం చివర పెద్ద బండ ఉంది, వాళ్ళు మిరపకాయలు ఆరబోసే చోటు. దాని అవతలి పక్కకు పల్లంలో రాతి గుంత ఉంది. అక్కడ కడిగితే నీళ్ళు ఆ గుంతలోకే పోతాయి, మట్టిలోకి దిగవు, ఎండకు ఆవిరైపోతాయి. మహబూబ్ భాయ్ వెళ్ళి బండ చుట్టూ తిరిగి, గుంతలో చెయ్యి పెట్టి చూసి వచ్చి, సరేనన్నాడు. ప్లాస్టిక్ పోగులు పోకుండా గుంత మూతికి పాత చీర అడ్డం కట్టాం.

బోరు నుంచి పైపు లాగారు. ఆ బండ మీద, ఆకాశం తప్ప ఏ నీలమూ లేనిచోట, ఆకుపచ్చ, నారింజ, నీలం వలలు పరిచి, నీళ్ళు పోసి, కాళ్ళతో తొక్కుతుంటే నేనెక్కడున్నానో మరిచిపోయాను. తడిసిన వలల నుంచి సముద్రపు వాసన లేచింది. మా ఇంటి వెనకాల పొద్దున్నే వచ్చే వాసన. కళ్ళు మూసుకొంటే భీమిలి, తెరిస్తే బంతి నారు. మేక ఒకటి వచ్చి తాడు కొసను నాకి, ఉప్పు తగిలి, అక్కడే నిలబడిపోయింది.

రూతమ్మగారు కుర్చీలో కూర్చొని, ఒళ్ళో వల వేసుకొని, పోగుల్లో చిక్కుకున్న గవ్వముక్కలు, ఎండిన నాచు ఏరుతోంది. పక్కన జరీనా. జరీనా మాట్లాడేది సగం తెలుగు, సగం ఉర్దూ. ఇద్దరికీ ఏ ఇబ్బందీ లేదు. ఉన్నట్టుండి రూతమ్మగారు నన్ను పిలిచింది.

"గీ వల నీళ్ళల్ల ఎన్నేండ్లుంటది బిడ్డా?"

చాలా ఏళ్ళుంటుందని, కుళ్ళదని, అదే దానితో వచ్చిన చిక్కు అని చెప్పాను. ఒక్కోసారి మా అమ్మ చిన్నతనంలో పోయిన వల కూడా ఒడ్డుకు వస్తుంటుందని చెప్పాను.

"మనిషో?"

సముద్రం పక్కన పుట్టినదాన్ని. మనుషులు తిరిగొచ్చిన రోజులు, రాని రోజులు రెండూ చూశాను. జరీనా ఏరడం ఆపింది. రూతమ్మగారు మా ఇద్దరివైపూ చూడకుండా, గవ్వముక్క ఒకటి వేలితో తీసి పక్కన పెట్టింది.

"మనిషి జల్దీ కల్సిపోతడు గదా నీళ్ళల్ల. వలతీర్గ పడుండడు" అంది. ఇంకో ముక్క ఏరుతూ, "మంచిదే" అంది.

మధ్యాహ్నం జరీనా చింతచిగురు వేసి వండిన మాంసం, మసాలా దినుసులతో చేసిన బగారన్నం పెట్టింది. మా వైపు చింతచిగురంటే చేపల పులుసులోకే. రవ్వ అనే చెరువు చేప కూడా వేయించారు. నాకు మట్టి వాసన తగిలింది. మొహమాటానికి చెప్పలేదు. మహబూబ్ భాయ్ గమనించి, సముద్రం చేప తాను ఒకసారి తిన్నానని, తనకు దానిలో మందుల వాసన వచ్చిందని చెప్పాడు. లెక్క సరిపోయింది.

పొద్దు వాలేసరికి వలలు చాలావరకు ఆరాయి. గుంతలో నీళ్ళు కొంచెం దిగి, రాతి అంచుల మీద తెల్లటి గీత కట్టింది. షామీర్‌పేట బండ మీద బంగాళాఖాతపు ఉప్పు. నేను దాన్నే చూస్తూ ఉండగా రూతమ్మగారు, తనను పట్టుకొమ్మని జరీనాను అడిగింది. ఆమె పట్టుకొని నడిపిస్తే, బండ మధ్య ఎత్తుగా పోగుపడి ఆరుతున్న వలల కుప్ప దగ్గరికి వెళ్ళి, దాని మీద కూర్చుని, మెల్లగా వెనక్కి వాలింది. బండ వేడి ఇంకా పోలేదు. ఆవిడ కళ్ళు మూసుకొంది. స్వర్ణ కంగారుగా ముందుకొస్తే నేను ఆపాను.

నేను పక్కన కూర్చొని, మంచం వెడల్పు సంగతే మళ్ళీ అడిగాను. ఈసారి నా బొమ్మ సంగతి కూడా చెప్పాను, ఇద్దరికి సరిపడేట్టు గీశానని, యోహానుగారి చోటు కూడా ఉంటుందని. ఆవిడ కళ్ళు తెరవకుండానే మాట్లాడింది.

"ఇన్నేండ్లు సాపల ఒక పక్కకు ఒత్తిగిలి పండుకున్న బిడ్డా. ఆయన జాగ ఇడిసిపెట్టి. నిద్రల గూడ గా దిక్కు చెయ్యి పోనియ్యలే. గిప్పుడు నువ్వు ఆయన జాగ గూడ చేస్తే, నేను మల్ల అంచుకే పోత. ఒక్కదానికే చేస్తే, ఆయన జాగ తీసేసినట్టుంటది. రెండూ వద్దు. నేను నడుమ పండుకుంట. నడుమ పండుకుంటే ఎంతైతదో, గంత చెయ్యి."

చెప్పి, రెండు చేతులూ పక్కలకు కొంచెం చాపింది. పూర్తిగా కాదు, పక్షి ఎండలో రెక్కలు ఆరబెట్టుకొనేటప్పుడు తెరిచినంత. నేను ఆరిన తాడు ముక్క ఒకటి తీసి, ఒక చేతి కొస నుంచి ఇంకో చేతి కొసదాకా పట్టి, ముడి వేశాను. స్వర్ణ అటు తిరిగి నిలబడింది. అన్నేళ్ళూ అదే ఇంట్లో, అదే గదిలో పడుకొంటూ, వాళ్ళమ్మ ఎందుకు అంచున పడుకొంటుందో తాను అడగలేదని తిరుగుదారిలో నాతో అంది. చలికి గోడ వెచ్చగా ఉంటుందేమో అనుకొందట.

మళ్ళీ మేడ్చల్

ఆ కొలత ఒంటరి మంచానికి ఎక్కువ, జంట మంచానికి తక్కువ. దుకాణాల్లో దొరికే ఏ పరుపూ దానికి సరిపోదు. యాదగిరిగారు తాడును తన టేపు మీద పెట్టి చూసి, ఇది ఏ సైజు మేడం అన్నాడు. చెప్పాను. ఆయన ఇంకేమీ అడగకుండా అచ్చు పలకలు విప్పడం మొదలుపెట్టాడు. దూదేకులాయన ఒకతన్ని పిలిపించి, ఆ కొలతకే దూది పరుపు కుట్టమని తనే చెప్పాడు.

కడిగిన వలలతో పోసిన పలక ఎలా వస్తుందోనని ఇద్దరం యంత్రం దగ్గరే ఉన్నాం. బుడగ లేదు, చీలిక లేదు. కానీ రంగు. నీలం, ఆకుపచ్చ, నారింజ అన్నీ కరిగి కలిసి, చినుకులు మొదలయ్యే ముందు మా సముద్రం ఎలా ఉంటుందో అలాంటి మబ్బు రంగు వచ్చింది. అక్కడక్కడ సన్నటి నారింజ గీతలు. ఇది దుకాణంలో పెడితే ఎవరూ కొనరు. తెల్ల ప్లాస్టిక్ కలిపితే మెరుపొస్తుందని యాదగిరిగారన్నాడు. ఏ రంగులో ఉంటే ఆ రంగే ఉండాలని ఆవిడ చెప్పిన మాట ఆయనకు చెప్పాను.

పలకలు బరువుకు వంగకుండా కింద టేకు పట్టెలు వేశాం. ఆయన అలవాటుగా కాళ్ళు పొడుగు పెట్టాడు. రూతమ్మగారు కూర్చొంటే పాదాలు నేలకు ఆనాలి, అప్పుడే మోకాళ్ళ మీద భారం పడకుండా లేవగలదు. అందుకని మళ్ళీ కోయించాను. కోసేటప్పుడు రాలిన ముక్కల్ని మళ్ళీ అచ్చులో వేసుకోవచ్చు, ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి అది. పని నడిచిన రోజుల్లో షెడ్డు బయట బండి మీద మిరపకాయ బజ్జీలు తిన్నాను. ఇక్కడ వాటిలో చింతపండు గుజ్జు కూరి, పైన ఉల్లిగడ్డలు చల్లుతారు. మా వైపు వాము పెడతారు. ఏది బాగుందని యాదగిరిగారు అడిగితే, పని పూర్తయ్యాక చెబుతానన్నాను.

యాప్రాల్: మధ్యాహ్నం

మంచం ఆటో ట్రాలీలో సందులోకి వచ్చింది, గుమ్మంలోకి రాలేదు. వాకిట్లోనే బోల్టులు విప్పి, ముక్కలు లోపలికి మోసి, కిటికీ పక్కన మళ్ళీ బిగించాం. చుట్టుపక్కల ఆడవాళ్ళందరూ వచ్చి చూశారు. ఒకామె పలకకు ముక్కు ఆనించి వాసన చూసి, చేపల వాసన రావట్లేదేమని నిరాశపడింది. రూతమ్మగారు వచ్చి పలక మీద అరచేత్తో రాసి, మేం దూది పరుపు వేశాక దాని మీద కూర్చుంది. పాదాలు నేలకు ఆనాయి. గోడ పట్టుకోకుండా లేచింది. మళ్ళీ కూర్చుని, మళ్ళీ లేచింది. చాలా మంచిగ జేసినవ్ బిడ్డా అంది. యాదగిరిగారికి సేమ్యా పాయసం పెట్టింది.

ఆ రాత్రి చాప పరుచుకొంది.

మర్నాడూ అంతే. మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి, నలిగిన అంచు సరిచేసి, పక్కనే నేలమీద పడుకొంది. స్వర్ణ వంటింట్లో గిన్నెలు తోముతూ ఏడ్చింది. బలవంతం చేయొద్దని నేనన్నాను కానీ, నాకు లోపల గుచ్చుకొంటూనే ఉంది. కొలత సరిగ్గా ఉంటే సరిపోతుందనుకొన్నాను. మనిషి సామాను దగ్గరికి ఎప్పుడొస్తుందో గీయడం నా చేతిలో లేదు. నాకు ఆ మర్నాటి సాయంత్రం రైలు. ఇంకో మంచం కూడా పక్కింటికి వెళ్ళిపోతుందేమోనని సంచి సర్దుకొంటూ అనుకొన్నాను.

వెళ్ళే రోజు మధ్యాహ్నం ముగ్గురం భోంచేస్తున్నాం. పచ్చిపులుసు, కందిపప్పు, వేయించిన సొరకాయ. మా వైపు దాన్ని ఆనపకాయ అంటాం. ఆదివారం, స్వర్ణకు బడి లేదు. చర్చి నుంచి వచ్చి ఇంకా తెల్లచీర మార్చుకోలేదు రూతమ్మగారు. అన్నం కలుపుతుండగా గాలి ఆగింది. కరెంటు పోయింది. ఆ ఏటి మొదటి వాన కురవడం మొదలైంది, ముందు రేకుల మీద చప్పుడు, తర్వాత మట్టి వాసన, తర్వాత గదంతా చల్లబడి నీలంగా అయిపోయింది. ఎవరం లేచి తలుపు వేయలేదు. రూతమ్మగారు చెయ్యి కడుక్కొని, నడుము లాగుతోందని, జర ఒరుగుతానని చెప్పి లోపలికి వెళ్ళింది.

చాప విప్పిన చప్పుడు రాలేదు. స్వర్ణా నేనూ ఒకరినొకరం చూసుకొన్నాం కానీ లేవలేదు. ఎంగిలి చేతులు ఆరిపోతున్నా అలాగే కూర్చొని వాన విన్నాం. చాలాసేపటికి గదిలోంచి గురక వినిపించింది. సన్నగా మొదలై, ఆగి, మళ్ళీ నిదానంగా.

స్వర్ణ వెళ్ళి కర్టెను పక్కకు తీసింది. నేను ఆ అమ్మాయి భుజం మీది నుంచి చూశాను. మంచం నడిమధ్యన, వెల్లకిలా, తెల్లచీరలో, నోరు కొంచెం తెరిచి, రూతమ్మగారు నిద్రపోతోంది. ఒక చెయ్యి గోడవైపు, ఇంకో చెయ్యి ఇటువైపు, అంచును దాటి వేళ్ళు కిందికి వేలాడుతున్నాయి. కిటికీలోంచి పడే తుంపర ఆ వేళ్ళ మీద పడుతోంది. స్వర్ణ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొంది.

వాన తగ్గింది. నా రైలు వేళ దగ్గరపడింది. ఆవిడ లేవలేదు. మేం గొంతు తగ్గించి మాట్లాడుకొంటున్నాం. ఆటో సందు మొదట్లోకి వచ్చి ఆగిందని ఫోను వచ్చింది.

"లేపమంటారా అక్కా? మీకు చెప్పి పంపకపోతే బాధపడ్తది" అంది స్వర్ణ.

వద్దని తల ఊపాను. సంచి భుజానికి వేసుకొని, తలుపు కిర్రుమనకుండా స్వర్ణ పట్టుకొంటే, చెప్పులు చేత్తో పట్టుకొని, వాననీళ్ళు పారుతున్న సందులోకి దిగాను.